పంట ఎవరిది? చాకలి ఐలమ్మ జీవితం, ఒక రాజ్యంతో తెగతెంపులు

వేములపల్లిలో కోతల కాలం వస్తే మిర్యాలగూడ రోడ్డులో సగం వడ్లే. సాగర్ ఎడమ కాల్వ కింద పండిన వడ్లు మిల్లుకు పోయే ముందు తారు రోడ్డు మీదే ఆరతాయి. రాత్రిళ్లు ఆ కుప్పల పక్కన కావలి పడుకునేవాళ్లలో కౌలు రైతులు చాలామందే ఉంటారు. దున్నింది, నాటేసింది, కోసింది వాళ్లు. పాసుబుక్కులో పేరు మాత్రం ఇంకొకరిది. ఆ కుప్పలను చూసినప్పుడల్లా మాకు చాకలి ఐలమ్మ గుర్తొస్తుంది. ఆమె కూడా కౌలుదారే. ఆమె పంట కాయితం మీద తనదేనని ఒక దొర అన్నాడు. అక్కడ మొదలైన తగాదా ఒక రాజ్యాన్ని కదిలించింది.

మన దగ్గర డిగ్రీలోనూ, పోటీ పరీక్షల కోచింగ్‌లోనూ అమెరికా విప్లవ కారణాలు కంఠతా పట్టిస్తారు. 1765 స్టాంపు చట్టం, 1767 టౌన్‌షెండ్ సుంకాలు, 1773 టీ చట్టం, ఆ ఏడాది డిసెంబర్ 16న బోస్టన్ రేవులో నీళ్లపాలైన 342 టీ పెట్టెలు, చివరికి 1776 జూలై 4న స్వాతంత్ర్య ప్రకటన. సరిగ్గా 170 ఏళ్ల తర్వాత, అదే జూలై 4న, కడవెండిలో దొడ్డి కొమురయ్య దొర మనుషుల తుపాకీ కాల్పుల్లో నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి నిప్పు రాజుకున్న రోజు అదే. నిజాం రాజ్యంతో మన జనం ఎందుకు తెంచుకున్నారని విద్యార్థులను అడిగి చూడండి. నాయకుల పేర్లు గబగబా చెప్తారు, కారణాల దగ్గర తడబడతారు. మా మటుకు మాకు ఆ కారణాలన్నీ ఐలమ్మ బతుకులోనే వరుసగా కనిపిస్తాయి.

ఐలమ్మ 1895లో ఇప్పటి వరంగల్ జిల్లా రాయపర్తి దగ్గరి కృష్ణాపురంలో పుట్టింది. చిన్న వయసులోనే పాలకుర్తికి చెందిన చిట్యాల నర్సింహతో పెళ్లయింది. కులవృత్తి బట్టలుతకడం. పాలకుర్తి ఆనాడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని ఊరు. కడవెండి కూడా ఆ తాలూకాదే. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలూ ఆ జిల్లాలోవే. అందుకే ఆమె కథను మేము పక్క జిల్లా కథగా చూడం.

ఆమె పుట్టిన ఊళ్లలో కులమంటే వెట్టి లెక్క కూడా. చాకలి కుటుంబాలు దొర ఇంటి బట్టలు ఉతకాలి, పెళ్లిళ్లకు పబ్బాలకు మోతలు మోయాలి. మంగలి ఒళ్లు పట్టాలి. గొల్ల కురుమలు అడిగినప్పుడల్లా గొర్రెను ఇవ్వాలి. సాలెవాళ్లు బట్ట ఇవ్వాలి. అన్నిటికన్నా బరువైన మోత మాల మాదిగలది. ఇంటికొక మనిషిని పటేల్ పట్వారీల ఇళ్లకు, దొర గడికి పంపాలి. చావడి కాపలా కాయాలి, కాయితాలు మోసుకుని తాలూకా కచేరీకి నడవాలి, చెప్పులు, మోట బొక్కెనలకు తోలు ఉచితంగా ఇవ్వాలి. అప్పు తీరక తరతరాలుగా జీతానికి కట్టుబడ్డ భగేలాల్లో ఎక్కువమంది దళితులే. 1976లో దేశం చేసిన వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం నిషేధించిన పద్ధతుల జాబితాలో భగేలా పేరు కూడా ఉంది. అంటే నిజాం పోయాక 28 ఏళ్లకు కూడా ఆ మాటను చట్టంలో రాయాల్సి వచ్చింది.

ఈ మోత వెనక భూమి ఉంది. హైదరాబాద్ సంస్థానంలో దాదాపు 10 శాతం భూమి నిజాం సొంత ఖర్చుల కింద సర్ఫేఖాస్, సుమారు 30 శాతం జాగీర్లు, మిగతా 60 శాతం దివానీ. దివానీలో రైతుకు సర్కారుతో నేరుగా సంబంధం ఉన్నట్టు కాయితాల్లో ఉండేది. ఊళ్లో మాత్రం పన్ను వసూళ్ల అధికారం చేతిలో పెట్టుకుని దేశ్‌ముఖ్‌లు వేల ఎకరాలు తమ పేర రాయించుకున్నారు. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి 60 గ్రామాల మీద పెత్తనం, 40,000 ఎకరాల భూమి. సూర్యాపేట వైపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు. పాలకుర్తి విసునూరు దొర నీడలోని ఊరు.

ఆ నీడలో ఐలమ్మ కుటుంబం ఒక సాహసం చేసింది. మల్లంపల్లి మక్తాదారు దగ్గర 40 ఎకరాలు కౌలుకు పట్టింది. అందులో సుమారు నాలుగెకరాలను సాగులోకి తెచ్చుకుంది. బయటి కళ్లకు ఇది చిన్న సంగతిగా కనిపించొచ్చు. ఊళ్లో వాళ్లకు కాదు. చాకలి కుటుంబం తన పొలంలో తాను కోత కోసుకుంటే, ఆ రోజు దొర పొలానికి పనిచేసే చేతులు తగ్గుతాయి. వెట్టి నిలబడాలంటే వెట్టి చేసేవాళ్లకు సొంత పంట ఉండకూడదు. దొరకు కంటగింపైనది నాలుగెకరాల వడ్లు కాదు, ఆ వడ్లతో వచ్చే నిలకడ.

అప్పటికి ఊళ్లలోకి సంఘం వచ్చింది. 1930లో జోగిపేటలో మొదటి మహాసభ జరుపుకున్న ఆంధ్ర మహాసభ తొలినాళ్లలో భాష, గ్రంథాలయాలు, సంస్కరణల గురించి మాట్లాడేది. 1941లో కోదాడ దగ్గరి చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన సభ నాటికి దాని మాట మారింది. 1944 భువనగిరి సభ తర్వాత వామపక్షం చేతికొచ్చి, వెట్టిని, బేదఖళ్లను, యుద్ధకాలపు లెవీ ధాన్యం వసూళ్లను ఎదిరించే రైతుకూలీల సంఘంగా ఊరూరా పాకింది. లెవీ కూడా దొరల గాదెల జోలికి పోకుండా చిన్న రైతు ఇంట్లో తిండిగింజల మీద పడేది. ఐలమ్మ కుటుంబం సంఘంలో చేరింది. ఆమె ఇల్లు కార్యకర్తలకు అన్నం పెట్టే ఇల్లయింది.

పాలకుర్తి పట్వారీ ఐలమ్మ కుటుంబాన్ని సొంత పని వదిలి తన పొలంలో పనికి రమ్మన్నాడు. వాళ్లు రామన్నారు. చూడటానికి ఇది ఒక రోజు కూలి పని సంగతే. కానీ ఊళ్లో భూమి రికార్డు రాసేది పట్వారీయే. అతనికి ఎదురు చెప్పడమంటే భూమి మీద తన పేరు ఎప్పుడైనా చెరిగిపోవచ్చని తెలిసి చెప్పడమే. సంగతి విసునూరు గడికి చేరింది. ఐలమ్మ కుటుంబం మీద, సంఘం నాయకుల మీద కేసు పెట్టారు. కోర్టులో దొరకు చుక్కెదురైంది. తర్వాత ఆ భూమే తనదని, పంట తనకే చెందాలని దేశ్‌ముఖ్ తన మనుషులను, కోతకు కూలీలను పొలం మీదకు పంపాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ కోతకు వచ్చిన కూలీలు కూడా పేదలే. దొర మాట కాదనలేక కొడవళ్లు పట్టుకుని వచ్చినవాళ్లే. పేదల పంటను పేదల చేతులతోనే కోయించడం గడి పాత పద్ధతి. ఆ రోజు అది చెల్లలేదు. భీమిరెడ్డి నర్సింహారెడ్డి, చకిలం యాదగిరిరావు వంటి నాయకులతో సంఘం వాలంటీర్లు కర్రలతో వచ్చి దొర మనుషులను తరిమారు. పంట కోసి, ఐలమ్మ ఇంటికి చేర్చారు. పోలీసులు నాయకులను పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టారు. తర్వాత ఐలమ్మ ఇల్లు తగలబడింది, ధాన్యం దోపిడీకి గురైంది. ఆమె ఊరు వదల్లేదు, సంఘాన్నీ వదల్లేదు.

ఇదే దేశ్‌ముఖ్‌తో ఆమెకు ముందే ఒకరు తలపడ్డారు. కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ భూమి కోసం ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిరిగాడు. దొర మనుషులు అతన్ని దారి కాచి చంపారు. బందగీ ముస్లిం, నిజాం కూడా ముస్లిమే. అయినా రాజ్యం దొర పక్కనే ఉంది. ఆ పోరాటాన్ని మతాల మధ్య తగాదాగా చెప్పేవాళ్లు బందగీని, ఐలమ్మను పక్కపక్కన పెట్టి చూడాలి. న్యాయం కాయితం మీద గెలిస్తే బందగీలా ప్రాణం పోయింది. ఐలమ్మ విషయంలో ఒకటి మారింది. కోర్టు తీర్పుకు వెనక సంఘం నిలబడింది.

అందుకే 1946 జూలై 4న కడవెండిలో జనం భయపడి చెదిరిపోలేదు. కురుమ యువకుడు కొమురయ్య ప్రాణం పోయాక ఊళ్లకు ఊళ్లే ఊరేగింపులుగా కదిలాయి. వెట్టి ఆపేశారు. సూర్యాపేట తాలూకాలో బాలెంల, పాత సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలో మల్లారెడ్డిగూడెం పోలీసులకు ఎదురు నిలిచాయి. సుందరయ్య లెక్కలోనే చెప్పాలంటే పోరాటం సుమారు 3,000 గ్రామాలకు పాకింది. పది లక్షల ఎకరాలు పంచారు. నాలుగు వేలమంది ప్రాణాలిచ్చారు.

ఇప్పుడు బోస్టన్ రేవు వైపు మళ్లీ చూద్దాం. అక్కడ నీళ్లపాలైన టీ ఈస్టిండియా కంపెనీది. అదే కంపెనీ 1798లో నిజాంతో సైన్య సహకార ఒప్పందం చేసుకుంది. నిజాం గద్దెకు బయటి నుంచి భయం లేకుండా చేసిన ఆసరా అది. వలసవాసులకు కోపం తెప్పించింది పన్ను మొత్తం ఒక్కటే కాదు. తమ ప్రతినిధులు లేని పార్లమెంటు తమ ఆస్తి మీద చెయ్యి వేయడం, 1763 రాజ ప్రకటనతో పడమటి భూముల వైపు తమను పోనీయకపోవడం, 1774లో బోస్టన్ రేవును మూసేయడం, వీధుల్లో సైన్యం. ఆ కారణాలు నిజమైనవే. అయితే ఆ పడమటి భూములు అప్పటికే ఆదివాసులవి. 1770 మార్చి 5న బోస్టన్‌లో బ్రిటిష్ సైనికుల కాల్పుల్లో పడిపోయినవాళ్లలో క్రిస్పస్ అటక్స్ ఉన్నాడు. ఆఫ్రికన్, ఆదివాసీ మూలాలున్న మనిషి. ఆరేళ్ల తర్వాత స్వాతంత్ర్య ప్రకటన రాసేటప్పుడు జెఫర్సన్ చిత్తుప్రతిలో బానిస వ్యాపారాన్ని తప్పుపట్టిన భాగాన్ని సభ కొట్టేసింది. బానిసత్వం చట్టం ప్రకారం పోవడానికి 1865 దాకా పట్టింది.

ఈ పోలికలో మాకు కనిపించేది ఒకటే. ఒక రాజ్యంతో తెగతెంపులకు కారణాలు ఎవరివో, వచ్చిన స్వేచ్ఛ కూడా ముందుగా వాళ్లదే అవుతుంది. అమెరికాలో కారణాలు రాసినవాళ్లలో చాలామంది మనుషులను కొనుక్కున్న యజమానులు. తెలంగాణలో కారణం ఐలమ్మది. ఇంకొకరి చాకిరీ మీద బతకని మనిషిది. అందుకే ఇక్కడి పోరాటం రాజును మార్చడంతో ఆగకుండా వెట్టిని, భూమిని పట్టుకుంది.

ఆ కారణాలు ముగింపు దాకా నిలిచాయా? 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది. నిజాం పాలన ముగిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటాన్ని విరమించారు. పారిపోయిన దొరల్లో చాలామంది సైన్యం వెనకే ఊళ్లకు తిరిగొచ్చారు, పంచిన భూములను తిరిగి లాక్కున్నారు. ఆ ఏడాదే ఏప్రిల్ 18న, అదే నల్లగొండ జిల్లా పోచంపల్లిలో, దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. దేశమంతా దాన్ని భూదానం అని పొగిడింది. మేము దాన్ని ఇంకోలా చదువుతాం. లక్షల ఎకరాలు పంచిన జిల్లాలో, వెట్టి అందరికన్నా ఎక్కువ మోసిన మాల మాదిగలు 1951లో ఇంకా భూమి కోసం చేయి చాపాల్సి వచ్చింది. పోరాటంలో ముందు నడిచినవాళ్లు పంపకంలో వెనకపడ్డారు.

ఐలమ్మ ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా పాలకుర్తిలోనే బతికింది. పదవులు రాలేదు. 1985 సెప్టెంబర్ 10న కన్నుమూసింది. చాలాకాలం ఆమె పేరు పోరాట చరిత్రల్లో నాయకుల ధైర్యానికి ఒక ఉదాహరణగా, ఒకటి రెండు పేరాల్లో వచ్చేది. ఆమెను మధ్యలో నిలబెట్టింది బహుజన రచయితలు, రజక సంఘాలు, విద్యార్థులు. తెలంగాణ వచ్చాక ప్రభుత్వం ఆమె జయంతి, వర్ధంతులు జరుపుతోంది. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. ఆమె ఇంటిపేరు చిట్యాల. జనం నోట నిలిచింది మాత్రం కులం పేరు. ఒకప్పుడు వెట్టికి గుర్తయిన ఆ మాట ఇప్పుడు ఎదిరింపుకు గుర్తయింది. ఆమె మార్చిన వాటిలో అది కూడా ఒకటి.

విగ్రహాలకు దండలు వేసే రోజున మనం వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకా ఉంది. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారుకే పోయింది, కౌలుదారుకు కాదు. పాస్‌బుక్ లేనివాడు పంట నష్టపోతే చాలాసార్లు పరిహారం జాబితాలోనూ ఉండడు. పాలకుర్తి పట్వారీ లేడు, విసునూరు గడి పెత్తనం లేదు. కానీ కాయితం మీది పేరుకు, పొలంలోని మనిషికి మధ్య దూరం అలాగే ఉంది. ఆ దూరంలో ఎక్కువగా నిలబడి ఉన్నది దళిత, వెనకబడిన కులాల కుటుంబాలే.

ఐలమ్మ జయంతికి ఉపన్యాసం సిద్ధం చేసుకునే విద్యార్థి మిత్రులకు మేము చెప్పేది ఒక్కటే. ముందు మీ ఊళ్లో కౌలు రైతుల పేర్లు రాసి తీసుకురండి. ఎంత భూమి, ఎవరి పట్టా, ఎంత కౌలు, సాయం ఎవరి ఖాతాలో పడింది. సభలో ఆ జాబితా చదవండి. ఐలమ్మ పోరాడింది తన పంట తన ఇంటికి చేరాలని. ఆ లెక్క మన ఊళ్లలో ఇంకా తేలలేదు.