ఠగ్గుల నణచిన స్లీమన్

రహస్యముగా సంచరించు హంతకుల నణచుటకు ఆయుధబలముకంటె వార్తాసేకరణమే ముఖ్యమని ఈ దేశమున కార్యరూపమున నిరూపించినవాడు విలియం హెన్రీ స్లీమన్. ఆతని చరిత్రలో మెచ్చదగినదియు గలదు, జంకదగినదియు గలదు. రెండింటిని పాఠకుల యెదుట నుంచుచున్నాము.

స్లీమన్ 1788లో ఇంగ్లండునందలి కార్న్‌వాల్ సీమలో జన్మించెను. 1809లో కంపెనీవారి బెంగాలు సైన్యమున జేరి, నేపాళయుద్ధమున పాల్గొని, 1820లో సాగర-నర్మదా ప్రాంతమున సివిలు కొలువునకు మారెను. ఆతడు నరసింగపురమున అధికారిగా నున్న కాలముననే ఆతని కచేరికి కూతవేటు దూరమున ఠగ్గులు కాపురముండిరి. ఆ సంగతి ఆతనికి చాలకాలము తరువాతగాని తెలియలేదు.

ఠగ్గులు బాటసారులతో చెలిమి నటించి, కలిసి పయనించి, అదను చూచి మెడకు రుమాలు బిగించి చంపి, శవములను పూడ్చిపెట్టి సొత్తు పంచుకొనెడివారు. హత్య ఒక సంస్థానమున, హంతకుని యిల్లు వేరొక సంస్థానమున. శవము కానరాదు, సాక్షి మిగులడు. ఏ యొక్క న్యాయాధికారికిని అధికారము చాలకుండెను.

స్లీమన్ ఈ ముడిని ఓర్పుతో విప్పెను. ఫిరింగియా యను ముఠానాయకుడు పట్టువడి, ప్రాణరక్షణకై అప్రూవరుగా మారి, పూడ్చిన శవములను చూపెను. స్లీమన్ అప్రూవర్ల వాఙ్మూలములను వేరువేరుగా వ్రాయించి ఒకదానితో నొకటి సరిపోల్చెను. ఠగ్గుల వంశవృక్షములను, హత్యాస్థలముల పటములను సిద్ధము చేయించెను. 1835లో ఠగ్గీ నిర్మూలనశాఖకు ఆతడు ముఖ్యాధికారి యయ్యెను. సంస్థానముల యెల్లలు ఆ శాఖ కడ్డు కాలేదు. నైజాము రాజ్యమునందును అది పనిచేసెను. 1831 మొదలు 1837 వరకు 3,266 మంది పట్టువడగా, 412 మందిని ఉరితీసిరి. 483 మంది సర్కారు సాక్షులైరి.

ఇక రెండవ ముఖము. 1836 నాటి 30వ చట్టము ప్రకారము ఫలానా హత్య చేసెనని రుజువు కానక్కరలేదు. ముఠాలో ఎన్నడైన చేరియుండెనని తేలిన యావజ్జీవ ఖైదే. పరుల పేర్లు చెప్పుటపైననే అప్రూవరు ప్రాణము నిలిచియుండెను. అట్టి సాక్ష్యముపై గట్టిన ఠగ్గీ చిత్రము ఎంతవరకు యథార్థమని నేటి చరిత్రకారులు పలువురు సందేహించుచున్నారు. చేసిన పనినిబట్టిగాక చేరిన గుంపునుబట్టి శిక్షించు ఈ రీతియే 1871 నాటి నేరస్థజాతుల చట్టమున మరల తలయెత్తెను. 1911లో అది చెన్నరాజధానికిని వ్యాపించెను. మన ఎరుకలవారు స్టూవర్టుపురము వంటి నిర్బంధ నివేశములలో దాని ఫలము ననుభవించిరి. దేశము స్వతంత్రమైన పిదప 1952లోగాని అది రద్దు కాలేదు. ఠగ్గీశాఖ సైతము 1904లో కేంద్ర గూఢచారిశాఖకు చోటిచ్చినది. ఆ శాఖ కన్ను త్వరలోనే దేశభక్తులపై బడెను.

తుదిదశలో స్లీమన్ లక్నోలో రెసిడెంటుగా నుండెను. అయోధ్యనవాబు దుష్పాలనను గర్హించుచునే, ఆ రాజ్యమును కలుపుకొనవలదని కంపెనీవారిని హెచ్చరించెను. వారు వినలేదు. 1856 ఫిబ్రవరిలో అయోధ్య కంపెనీపాలైనది. ఆ నెలలోనే స్లీమన్ స్వదేశమునకు మరలుచు సముద్రముపై మరణించెను.

ప్రజలు నిర్భయముగా బాట నడచుటకు మెలకువగల పోలీసు కావలయును. కాని పోలీసుచేతి దీపము నేరమును చూపవలెనేగాని కులమును, గుంపును కాల్చరాదు. స్లీమన్ ఓర్పును గ్రహింతము. ఆతనికి తోడుగా వచ్చిన చట్టమును మాత్రము త్యజింతము.