దయ్యాల కొంపలో కాపురం: గోరా చేసిన పరీక్షలు

భిలాయ్‌లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో రాజుకుంది. సోవియట్ సాయంతో కట్టిన ఆ ఉక్కు కర్మాగారం చుట్టూ ఇంజినీర్ల కాలనీలు, బడులు, కోచింగ్ సెంటర్లు వెలిశాయి. అయినా ఛత్తీస్‌గఢ్ 2005లో ఒక ప్రత్యేక చట్టం తెచ్చుకోవాల్సి వచ్చింది. చేతబడి చేస్తుందంటూ ‘టోనహీ’ ముద్ర వేసి ఆడవాళ్లను హింసించడాన్ని ఆపేందుకు! చదువు వస్తే ఇలాంటి నమ్మకాలు వాటంతటవే పోతాయన్న లెక్క ఎక్కడ తప్పుతుందో గోపరాజు రామచంద్రరావు, అంటే మన గోరా, జీవితం చూస్తే కొంత అర్థమవుతుంది.

1902 నవంబరు 15న గంజాం జిల్లా ఛత్రపురంలో సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రం చదివి అధ్యాపకుడయ్యారు. తరగతిలో సైన్సు చెప్పి, ఇంటికెళ్లి గ్రహణ స్నానం చేసే మాస్టార్లకు అప్పుడు కొదవ లేదు (ఇప్పుడూ లేదనుకోండి). గోరా మాత్రం దయ్యాలున్నాయని పేరుపడ్డ ఇంట్లో కావాలనే ఉన్నారు. భార్య సరస్వతి గర్భవతిగా ఉండి గ్రహణం చూశారు. బిడ్డకు ఏమీ కాలేదు.

ఇక్కడే కీలకం ఉంది. దయ్యాల కొంపలో ఎవరూ ఉండరు కాబట్టి, అక్కడ దయ్యం లేదని తెలిసే అవకాశమే రాదు. భయపడి దూరంగా ఉంటాం. ఏమీ జరగకపోతే, దూరంగా ఉన్నందుకే బతికిపోయామనుకుంటాం. ఎక్కడో ఒక బిడ్డ చీలిన పెదవితో పుడితే, తల్లి గ్రహణం వేళ ఏం చేసిందని ఆరా తీస్తాం. ఆ లోపానికి తెలుగులో పేరే గ్రహణం మొర్రి. గ్రహణం చూసినా ఆరోగ్యంగా పుట్టిన బిడ్డల లెక్క ఎవరూ రాయరు.

నిప్పుల గుండం సంగతి దీనికి తిరగేత. అక్కడ నడుస్తారు, కాళ్లు కాలవు, మహిమ రుజువైనట్టే ఉంటుంది. బొగ్గు వేడిని మెల్లగా చేరవేస్తుంది, పాదం ఆనేది క్షణమే. భక్తి లేనివాడూ నడిస్తే తప్ప ఆ తేడా తేలదు. గోరా పెట్టిన నాస్తిక కేంద్రం అలాంటి నడకలు నిర్వహించింది.

మూల్యం మామూలుది కాదు. జంధ్యం వదిలేశారని తండ్రి ఇంట్లోంచి పంపేశారు. 1933లో కాకినాడ పీఆర్ కళాశాల ఉద్యోగం పోయింది. మచిలీపట్నం హిందూ కళాశాల కొలువూ నిలవలేదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో కేంద్రం మొదలుపెట్టి, 1947లో విజయవాడకు మార్చారు.

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. పాడుబడ్డ ఇంట్లో పడుకుని చూపించొచ్చు. టోనహీ అని వేలెత్తి చూపిన మనిషి, తాను ఏమీ చేయలేదని ఏం చేసి చూపాలి?

గోరా 1975 జూలై 26న విజయవాడలో ఒక సభలో ప్రసంగిస్తూనే కుప్పకూలి కన్నుమూశారు.