తన్ను తాను తూచుకొనిన ఫ్రాంక్లిన్

పరుల దోషములను లెక్కించుట సులభము. తన దోషములను ఏనాటి కానాడు పద్దు వ్రాసికొనుట కష్టము. ఆ కష్టకార్యమును పూనికతో సాగించిన వారిలో అమెరికా దేశపు రాజనీతిజ్ఞుడును, విద్యుచ్ఛాస్త్రజ్ఞుడును అగు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ముఖ్యుడు. ఆయన జీవితము ఆత్మపరీక్ష యొక్క బలమును, దాని హద్దును కూడ తెలుపును.

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17వ తేదీన బోస్టన్ నగరమున జన్మించెను. తండ్రి కొవ్వొత్తులు, సబ్బు చేసి జీవించుచుండెను. పదునేడుగురు సంతానములో కుమారులందరి కంటె చిన్నవాడు ఈతడే. పాఠశాల చదువు రెండేండ్లతోనే ముగిసెను. పండ్రెండవ యేట అన్న నడపు అచ్చుకూటమున పనికి కుదిరెను. అచ్చుపనియే ఆయనకు కాయకమయ్యెను.

ఆ దినములలో బాలుడు స్నేహితునితో ఒక వాదమును జాబుల మూలమున సాగించుచుండగా, ఆ జాబులు తండ్రి కంటబడెను. అక్షరదోషములు లేకుండుటను తండ్రి మెచ్చుకొనెను. కాని వ్రాతలో సొగసు, క్రమము, స్పష్టత చాలవని ఉదాహరణములతో చూపెను. బాలుడు అలుగలేదు. మంచి వ్యాసములను చదివి, వాని భావములను క్లుప్తముగా గుర్తు వ్రాసికొని, కొన్ని దినములు ఆగి, వానిని తన మాటలలో తిరిగి వ్రాసెడివాడు. పిమ్మట మూలముతో పోల్చి తప్పులు దిద్దుకొనెడివాడు. క్రమముగా కలము ఆయనకు గొప్ప బలమయ్యెను. సభలో తాను మంచి వక్తను కానని ఆయన యెరుగును. కావున చెప్పదలచిన దానిని తరచుగా వ్రాసియే ఒప్పించెను.

1723లో, పదునేడవ యేట, ఆయన ఫిలడెల్ఫియా నగరము చేరెను. 1728లో ఒక భాగస్వామితో కలిసి సొంత అచ్చుకూటము స్థాపించెను. యౌవనముననే, నిర్దోషముగా జీవింపవలెనను సంకల్పము ఆయనకు కలిగెను. మితాహారము, మౌనము, క్రమము, పొదుపు, పరిశ్రమ, న్యాయము మొదలగు పండ్రెండు గుణములను ఏర్పరచుకొనెను. అప్పుడు క్వేకరు మతస్థుడగు మిత్రుడొకడు, నీవు గర్విష్ఠివని లోకులు తలచుచున్నారని చెప్పి, నిదర్శనములు చూపెను. ఫ్రాంక్లిన్ కోపింపక పదుమూడవ గుణముగా వినయమును చేర్చెను.

ఒక చిన్న పుస్తకములో గుణమునకొక పుట కేటాయించి, ఎఱ్ఱ సిరాతో వారమునకు ఏడు నిలువు గడులు, గుణములకు పదుమూడు అడ్డు వరుసలు గీసెను. ప్రతి సాయంకాలమును ఆనాటి నడతను విమర్శించుకొని, తప్పు జరిగినచోట నల్లని చుక్క పెట్టెను. వారమునకు ఒక గుణముపై ప్రత్యేక శ్రద్ధ వహించెను. పదుమూడు వారములకు ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు. తాననుకొనిన దానికంటె దోషములు మిక్కుటముగా కనబడెను. పాత చుక్కలను గీకి గీకి కాగితము చిల్లులు పడగా, ఏనుగుదంతపు రేకులపై పెన్సిలుతో గుర్తులు పెట్టి, తడి స్పంజితో తుడుచుకొనసాగెను. చుక్కలు తగ్గుట చూచి సంతసించెను. క్రమమను గుణము మాత్రము కడవరకు ఆయనకు పట్టుబడలేదు. గర్వమును జయించితినను తలంపే మరియొక గర్వమగునని కూడ ఆయన గ్రహించెను.

అయినను ఒక మహాదోషమును ఆ పుస్తకము చూపజాలదయ్యెను. న్యాయమను వరుస పట్టికలో నుండియు, ఆయన యింట బానిసలుండిరి. బానిసల విక్రయ ప్రకటనలు ఆయన పత్రికలో అచ్చయ్యెను. తాను దోషమని యెరుగని దానికి ఎవడు చుక్క పెట్టుకొనును? 1763లో ఫిలడెల్ఫియాలో నల్లజాతి బాలబాలికలు చదువు పాఠశాలను ఆయన దర్శించెను. ఆ పిల్లల తెలివి తెల్లవారి పిల్లల తెలివికి ఏమాత్రము తీసిపోదని కన్నులార చూచి, తన పూర్వాభిప్రాయమును మార్చుకొనెను. అభిప్రాయము మారినంతనే ఆచరణ మారలేదు. దానికి ఇంకను ఏండ్లు పట్టెను. 1787లో ఆయన పెన్సిల్వేనియా బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1790 ఫిబ్రవరిలో బానిసత్వమును తొలగింపుమని కోరు అర్జీపై సంతకము చేసి అమెరికా కాంగ్రెసునకు పంపెను. కాంగ్రెసు ఆ కోర్కెను మన్నింపలేదు. అదే సంవత్సరము ఏప్రిల్ 17వ తేదీన, ఎనుబది నాలుగవ యేట, ఫ్రాంక్లిన్ మరణించెను.

రాత్రి నిద్రకు ముందు ఆనాటి నడతను తూచుకొనుట ప్రతి గృహస్థునకును మేలు. కాని తన త్రాసు తాను పెట్టిన రాళ్లనే యెరుగును. ఫ్రాంక్లిన్ వ్రాతలోని లోపమును తండ్రి చూపెను. గర్వమును మిత్రుడు చూపెను. అన్నిటికంటె పెద్ద అన్యాయమును, తాను తక్కువగా తలచిన జాతి పిల్లలు చూపిరి. కావున పద్దు వ్రాసికొను వాడు పెద్దలను, మిత్రులను అడుగుటతోపాటు, తన క్రింద పనిచేయువారి ముఖమును కూడ ఒకసారి చూడవలెను. తాను గీయ మరచిన వరుస అచటనే కనబడును.