బలమైన కాలు వాడొద్దు.. రహీమ్ సాబ్ పెట్టిన టోర్నీల్లో రూల్ ఇదే!

ఖమ్మం టౌన్ నుంచి భద్రాచలం అడవి అంచు దాకా ఏ స్కూల్ గ్రౌండ్‌కైనా వెళ్లండి. ఓ పిల్లాడి ముందు బంతి పెట్టి తన్నమనండి. ఎక్కువ మంది కుడికాలే ఎత్తుతారు. ఎడమకాలితో కొట్టమంటే తడబడతారు, బంతి ఎటో పోతుంది. ఇదో లోపమని ఎవరూ అనుకోరు. కానీ 70 ఏళ్ల కిందటే హైదరాబాద్‌లో ఓ స్కూల్ టీచర్ దీన్ని చాలా సీరియస్‌గా తీసుకున్నారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీమ్. 2024లో వచ్చిన మైదాన్ సినిమాతో ఈ తరానికి తెలిసిన పేరు. పాత హైదరాబాదీలకు మాత్రం ఎప్పటికీ రహీమ్ సాబ్.

1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టిన రహీమ్ ఉస్మానియాలో చదువుకున్నారు, ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత టీచర్ అయ్యారు. ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేసి స్కూళ్లలో ఆటలు నేర్పించారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. అక్కడి నుంచి అసలు కథ మొదలైంది.

ఆయన పెట్టిన కొన్ని టోర్నీలు వింటే ఇప్పటికీ వింతగానే ఉంటాయి. ఒక టోర్నీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి రాగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకో టోర్నీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. అంటే కుడికాలి వాటం ఉన్నోడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం ఉన్నోడు కుడికాలితో అన్నమాట. ప్రాక్టీస్‌లో పది నిమిషాలు ఎడమకాలితో కొట్టించడం ఏ కోచ్ అయినా చేస్తాడు. దానికోసం ఏకంగా పోటీలే పెట్టడం మామూలు విషయం కాదు. గెలవాలంటే ఆ కాలిని వాడక తప్పదు మరి!

ఇంతకీ ఇందులో లాభమేంటి? కుడికాలితో తన్నేటప్పుడు ఒంటి బరువంతా ఎడమకాలే మోస్తుంది. ఏళ్ల తరబడి ఇలాగే ఆడితే ఒక కాలు తన్నడానికే, ఇంకో కాలు నిలబడటానికే అలవాటు పడతాయి. కాలు మార్చి కొట్టమంటే తన్నే కాలే కాదు, నిలబడే కాలు కూడా కొత్తగా నేర్చుకోవాల్సిందే. రెండు కాళ్ల బలంలో తేడా 10 నుంచి 15 శాతం దాటితే జాగ్రత్త పడాలని ఇప్పటి ఫిజియోలు సాధారణంగా చెప్తుంటారు. ఇక మ్యాచ్‌లో అయితే ఒక కాలి ఆటగాడిని పట్టేయడం డిఫెండర్‌కు ఈజీ. ఒక పక్క మూసేస్తే చాలు. హంగరీ స్టార్ పుష్కాష్ దాదాపు ఎడమకాలితోనే ప్రపంచాన్ని ఏలాడు, నిజమే. కానీ అందరూ పుష్కాష్‌లు కాలేరు కదా.

1950లో రహీమ్ హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ కోచ్ అయ్యారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్ వరుసగా ఐదుసార్లు ఆ టీమ్‌దే. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన కోచింగ్‌లోనే భారత్ ఇరాన్‌ను 1-0తో ఓడించి గోల్డ్ కొట్టింది.

మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం పెద్ద దెబ్బ తగిలింది. మనోళ్లలో కొందరు బూట్లు లేకుండానే దిగారు. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓటమి. అక్కడ గోల్డ్ కొట్టిన హంగరీ ఆట రహీమ్‌ను ఆకట్టుకుంది. సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి దించి ఆడించే ఆ పద్ధతిని మన టీమ్‌కు తెచ్చారు. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాపై 4-2తో గెలిచి, సెమీస్ ఆడి, నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ భారత్‌కు అదే బెస్ట్. ఆ టీమ్‌లో బలరాం, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ లాంటి హైదరాబాదీలు ఉన్నారు.

ఆఖరి పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడలు. సిగరెట్ మీద సిగరెట్ కాల్చే అలవాటున్న రహీమ్ ఆరోగ్యం అప్పటికే దెబ్బతింది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వేరే కోచ్ అయితే పక్కన కూర్చోబెట్టేవాడేమో! రహీమ్ అతణ్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్లీ కొరియానే. స్టేడియంలో జనమంతా మనకు వ్యతిరేకం. పీకే బెనర్జీ ఒకటి, కుట్లతో ఆడిన జర్నైల్ ఇంకొకటి కొట్టారు. స్కోరు 2-1. భారత్‌కు గోల్డ్.

తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీమ్ సాబ్ కన్నుమూశారు. వయసు 53 ఏళ్లే. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీగా చివరిదాకా ఆయనే ఉన్నారు. జకార్తా తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ గోల్డ్ రాలేదు.