భావనగర్ మహారాజు కృష్ణకుమారసింహజీ

సౌరాష్ట్రమున సముద్రతీరమందు భావనగర్ అను సంస్థానముండెను. ఆ రాజవంశమున 1912వ సంవత్సరము మే 19వ తేదీన కృష్ణకుమారసింహజీ జన్మించెను. ఏడేండ్ల ప్రాయమున తండ్రి గతింపగా రాజ్యమునకు వారసుడయ్యెను. ఇంగ్లండునందలి హారో పాఠశాలలో విద్యనభ్యసించి, 1931లో పాలనభారమును స్వయముగా వహించెను.

ఆ ప్రాంతపు గిర్ అరణ్యసీమ ఒక మేలుజాతి గోవులకు పుట్టినిల్లు. ఉబ్బెత్తు నుదురు, చుట్టిన ఆకువలె వ్రేలాడు చెవులు, సమృద్ధియైన పాడి వాని లక్షణములు. మహారాజు ఆ జాతి మందను శ్రద్ధతో పోషించెను. ఆవు ఈతకొక్క దూడను మాత్రమే కనును. ఆబోతు సంతతి మందయంతయు నిండును. కావున జాతి నిలుచుటయు, చెడుటయు ముఖ్యముగా ఆబోతు నెన్నుకొనుటలోనే యున్నది.

భారతదేశము స్వతంత్రమైన పిదప, 1948 జనవరి 15వ తేదీన ఆయన తన యధికారమును ప్రజాప్రతినిధుల కప్పగించెను. సంస్థానాధీశులలో ఇందుకు తొలుత పూనుకొన్నవారిలో ఆయన యొకడు. ఆ యేటనే మద్రాసు గవర్నరుగా నియుక్తుడై, నామమాత్రముగా ఒక్క రూపాయి వేతనము గైకొనుచు 1952 వరకు ఆ పదవిని నిర్వహించెను.

మన సూళ్లూరుపేటయు, నెల్లూరు జిల్లాయు అప్పుడు మద్రాసు రాష్ట్రములోనివే. గిర్ మందలను పెంచిన రాజు ఈ విధముగా మరియొక మహాజాతి పుట్టిన సీమకు గవర్నరయ్యెను. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలో నుండుటచే, ఒంగోలు పశువులకు బ్రెజిల్ దేశమున నెల్లూరు జాతి యను పేరు స్థిరపడెను.

1960 ప్రాంతమున సెల్సో గార్సియా సిడ్ అను బ్రెజిల్ పశుపోషకుడు మహారాజు మందలోని కృష్ణ యను ఆబోతును కొనిపోయెను. ఆ దశాబ్దముననే ఒంగోలు చెంతనున్న కరవది గ్రామము పేరు దాల్చిన ఆబోతును, మరికొన్నియు సముద్రము దాటెను. 1965 ఏప్రిల్ 2వ తేదీన, ఏబది రెండేండ్ల వయసున, మహారాజు పరమపదించెను.

నేడు బ్రెజిల్‌లో నెల్లూరు జాతి పశువులు కోట్ల సంఖ్యలో గలవు. మన పల్లెలలోనో, ట్రాక్టరు వచ్చి ఎద్దునకు పని తగ్గెను. పాడికై విదేశీ సంకరము పెరిగెను. జాతి యెక్కడనో వర్ధిల్లుచున్నది గదా యని మనము ఊరకుండరాదు. అచ్చటి కోట్ల పశువులకు మూలమైన ఆబోతులు కొన్నియే. దగ్గరి చుట్టరికము గల మందలో దాగియున్న లోపములు బయల్పడును; క్రొత్త రోగమును తట్టుకొను శక్తియు తగ్గును. వంశముల వైవిధ్యమునకు పుట్టినిల్లే ఆధారము. అందువలననే గుంటూరు చెంత లాంలోను, ఒంగోలు చెంత చదలవాడలోను ప్రభుత్వము ఈ జాతి మందలను పోషించుచున్నది.

అచ్చువేసి విడిచిన ఆబోతు అను మాట నేడు నిందగా వినబడుచున్నది. పూర్వము మన గ్రామస్థులు మేలైన కోడెదూడ నెన్నుకొని, దేవుని పేర ముద్రవేసి, ఊరి యావులకై విడుచుచుండిరి. ఒంగోలు జాతిని నిలిపినది ఆ యాచారమే. భావనగర్ మహారాజు రాజధానిలో చేసిన పనిని, మన రైతులు ఊరూర చేసిరి.