పెద్దాయన అలిగిన రాత్రి

పందెంలో అందరికంటే ముందున్న మనిషి, ఒంట్లో ఏ నలతా లేకుండానే, పెట్టె సర్దుకుని ఇంటికెళ్లిపోవడం ఎక్కడైనా విన్నారా? 1950 జూలైలో ఫ్రాన్సులో అలా జరిగింది. ఆ మనిషి పేరు ఫియోరెంజో మాగ్ని. ఇటలీవాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్స్‌లో ఆ సాయంత్రమే అతనికి పసుపు జెర్సీ దక్కింది. అన్ని రోజుల లెక్కా కలిపి ముందున్నవాడికి ఇచ్చే జెర్సీ అది. మర్నాడు పొద్దున్నే దాన్ని తొడుక్కుని బయల్దేరాల్సినవాడు జట్టుతోపాటు ఇటలీ దారి పట్టాడు. ఎందుకంటే, జట్టు పెద్ద ఇక పందెంలో ఉండనన్నాడు.

ఆ పెద్ద పేరు జీనో బర్తాలి. అప్పటికి 36 ఏళ్లు. తోటివాళ్ల కోసం నిలబడ్డ మనిషా, తన మాటే నెగ్గాలనుకున్న మనిషా అని ఆయన గురించి ఇటలీలో చాలాకాలం వాదించుకున్నారు. సైకిల్ పందేల సంగతి మనకెందుకులే అనుకోకండి. ఇంటి పెద్ద మాట మీద పదిమంది జీవితాలు ఎలా ఆధారపడతాయో మనకి తెలియనిదా? ఈ కథ కూడా అలాంటిదే.

సైకిల్ షాపు కుర్రాడు

బర్తాలి 1914 జూలై 18న ఫ్లోరెన్స్ పక్కనున్న పోంతె అ ఎమా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి టొరెల్లో కూలి పని చేసేవాడు. జీనోకి చదువు అంతగా అబ్బలేదు. సైకిళ్లు బాగుచేసే షాపులో పనికి కుదిరాడు. అక్కడే పందేల పిచ్చి పట్టుకుంది. కొండలెక్కడంలో ఆయనకి సాటి లేదని తొందరలోనే అందరికీ తెలిసిపోయింది. 1936లో 21 ఏళ్ల వయసుకే ఇటలీలోని అతి పెద్ద పందెం, జిరో డి ఇటాలియా గెలిచాడు.

ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. తమ్ముడు జూలియోకి కూడా సైకిల్ పందేలే ప్రాణం. అదే జూన్‌లో ఒక పందెంలో కారు ఢీకొని ఆ పిల్లవాడు పోయాడు. ఈ సైకిలూ వద్దు, ఈ పందేలూ వద్దు అనుకున్నాడు జీనో. కొన్నాళ్లకి మనసు కుదుటపడి మళ్లీ ఎక్కాడు గానీ ఆ దెబ్బతో దైవభక్తి బాగా పెరిగింది. భార్యాపిల్లలతో ఉంటూనే పాటించే కార్మెలైట్ దీక్ష తీసుకున్నాడు. భక్తుడు జీనో అని జనం పేరు పెట్టారు. 1938లో టూర్ డి ఫ్రాన్స్ కూడా గెలిచాడు. అప్పుడు ఇటలీని ఏలుతున్న ముస్సోలినీకి ఆ గెలుపుని అంకితమిస్తాడని అంతా ఎదురుచూస్తే, ఆ మాటే ఎత్తలేదు. 1940 నవంబరులో అడ్రియానాని పెళ్లి చేసుకున్నాడు.

నీళ్లు మోసే కుర్రాడు పెళ్లికొడుకైన వేళ

ఇక్కడ జట్టు సంగతి కొంచెం చెప్పుకోవాలి. సైకిల్ పందెంలో గెలిచేది ఒక్కడే అయినా దిగేది జట్టుగా. జట్టులో ఒకడు నాయకుడు. మిగతావాళ్లు అతని సేవకి. ఎదురుగాలి అతనికి కొట్టకుండా ముందు తొక్కుతారు. నీళ్లు తెచ్చిస్తారు. నాయకుడి చక్రంలో గాలి పోతే తమ చక్రం ఊడదీసి ఇస్తారు. పంక్తి చివర మిగిలింది తినే ఇల్లాలి పని లాంటిదే అనుకోండి.

1940 జిరోలో నాయకుడు బర్తాలి. నీళ్లు మోసే కుర్రాళ్లలో ఒకడు ఫౌస్టో కొప్పి, వయసు 20. మొదట్లోనే ఒక కుక్క అడ్డం రావడంతో బర్తాలి కింద పడి వెనకబడ్డాడు. కొప్పి ముందుకెళ్లిపోయాడు. ఇంకొకరైతే నా చోటు లాక్కున్నాడని మూతి ముడుచుకునేవారే. బర్తాలికీ బాధ లేకపోలేదు. కానీ కొండల్లో కొప్పి కడుపునొప్పితో ఇక నావల్ల కాదని కూలబడితే, బర్తాలి ఆగి, తిట్టి, మంచు తీసి ఒంటికి రాసి మళ్లీ సైకిలెక్కించాడని చెప్తారు. ఆ పందెం కొప్పి గెలిచాడు. మర్నాడే, అంటే 1940 జూన్ 10న, ఇటలీ యుద్ధంలోకి దిగింది.

అలా తన జట్టు కుర్రాణ్ణి గెలిపించిన చేతులతోనే బర్తాలి తన జీవితకాలపు ప్రత్యర్థిని తయారుచేసుకున్నాడు.

భార్యకీ చెప్పని పని

యుద్ధంలో పందేలు ఆగిపోయాయి. 1943లో జర్మన్లు ఇటలీని ఆక్రమించాక యూదుల్ని వెతికి పట్టుకుపోవడం మొదలైంది. ఫ్లోరెన్స్ కార్డినల్ ఎలియా డల్లా కోస్టా వాళ్లని దాచే పని రహస్యంగా నడిపించేవారు. బర్తాలి పెళ్లికి ఆశీర్వచనం చేసింది ఆయనే. దొంగ గుర్తింపు కాగితాల్ని సైకిల్ గొట్టాల్లో చుట్టిపెట్టి, సాధన చేస్తున్నట్టు కనిపిస్తూ బర్తాలి ఊళ్ల మధ్య మోసేవాడని చాలామంది చెప్పారు. పైగా గోల్డెన్‌బర్గ్ అనే యూదు కుటుంబాన్ని తన ఇంట్లో దాచాడు. 1944లో ఫాసిస్టులు ఆయన్ని పట్టుకెళ్లి ప్రశ్నలతో వేధించారు కూడా.

ఆ కాగితాల సంగతి భార్యకి కూడా చెప్పలేదు. తెలిస్తే ఆమె ప్రాణానికీ ముప్పే కదా. యుద్ధం అయ్యాక కూడా పెదవి విప్పలేదు. చేసినదానికి పతకాలు తగిలించుకోకూడదన్నది ఆయన పద్ధతి. కొడుకు ఆంద్రేయాకి కొంత చెప్పినా, ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆ సైకిల్ ప్రయాణాల గురించి, ఎంతమంది బతికారన్న లెక్క గురించి చరిత్రకారుల్లో ఇప్పటికీ వాదం ఉంది. గోల్డెన్‌బర్గ్ కుటుంబంలో అప్పటి పిల్లవాడు మాత్రం పెద్దయ్యాక సాక్ష్యం చెప్పాడు. 2013లో ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ సంస్థ, యూదుల్ని కాపాడిన సజ్జనుల జాబితాలో బర్తాలి పేరు చేర్చింది.

ముసలాడన్నవాళ్లకి జవాబు

యుద్ధం ఆయన మంచి వయసంతా తినేసింది. 1948 టూర్‌కి వచ్చేసరికి 34వ పుట్టినరోజు దగ్గర పడింది. పత్రికలవాళ్లు ముసలాడనడం మొదలుపెట్టారు. సగం పందెం అయ్యేసరికి ఫ్రెంచి కుర్రాడు లూయిజోన్ బోబే కంటే 21 నిమిషాలు వెనక ఉన్నాడు. జూలై 14న రోమ్‌లో కమ్యూనిస్టు నాయకుడు తొలియాట్టి మీద కాల్పులు జరిగాయి. సమ్మెలు, వీధి పోరాటాలు. దేశం రెండుగా చీలిపోతుందా అన్నంత భయం. ఆ రాత్రి ప్రధాని డి గాస్పెరి నుంచి బర్తాలికి ఫోనొచ్చిందంటారు. మర్నాటి నుంచి వరసగా మూడు దశలు గెలిచాడు. చివరికి టూరే గెలిచాడు. మొదటి గెలుపుకీ రెండో గెలుపుకీ మధ్య 10 ఏళ్లు! ఒక సైకిల్ పందెం అంతర్యుద్ధాన్ని ఆపిందనడం కాస్త ఎక్కువే. జనం మనసు కాసేపు మళ్లిందనడం మాత్రం నిజం.

అదే ఏడు ఇంకో ముచ్చట కూడా ఉంది. నెదర్లాండ్స్‌లో జరిగిన ప్రపంచ పోటీలో బర్తాలి, కొప్పి ఇద్దరూ ఇటలీ తరఫునే దిగారు. నువ్వు గెలవకుండా ఉంటే చాలన్నట్టు ఒకరినొకరు కాపలా కాసుకుంటూ ఇద్దరూ పందెం మధ్యలో మానేశారు. ఇటలీ సైక్లింగ్ సమాఖ్య ఇద్దర్నీ సస్పెండు చేసింది. తోడికోడళ్ల పంతానికి పొయ్యి మీద అన్నం మాడిపోయినట్టయింది దేశం పని.

1949లో జట్టు మేనేజరు అల్ఫ్రెడో బిండా ఇద్దరికీ సర్ది చెప్పి టూర్‌కి తీసుకెళ్లాడు. మొదట్లోనే సైకిల్ విరిగి కొప్పి వెళ్లిపోతానని మొరాయిస్తే బిండా బతిమాలి ఆపాడు. జూలై 18న, సరిగ్గా బర్తాలి 35వ పుట్టినరోజు నాడు, ఆల్ప్స్ కొండల్లో ఇద్దరూ కలిసే అందరినీ దాటేశారు. బ్రియాన్సోన్‌లో ఆ రోజు గెలుపు కొప్పి పెద్దాయనకి వదిలేశాడు. పసుపు జెర్సీ కూడా బర్తాలికే వచ్చింది. మర్నాడు బర్తాలి చక్రంలో గాలి పోయింది, కింద కూడా పడ్డాడు. కొప్పి కాసేపు చూశాడు. ఇక నువ్వెళ్లమని బిండా చెప్పడంతో సాగిపోయాడు. టూర్ కొప్పి గెలిచాడు, బర్తాలి రెండో స్థానంలో వచ్చాడు. తన కాలం దాటిపోతోందని తెలిసి కూడా బర్తాలి ఆ పందెం చివరిదాకా తొక్కాడు.

ఆ రాత్రి

ఇక 1950. కొప్పి జిరోలో పడి తుంటి ఎముక విరిగి టూర్‌కి రాలేదు. జట్టు పెద్ద మళ్లీ బర్తాలియే. రెండేళ్లుగా టూర్ ఇటలీవాళ్లే ఎగరేసుకుపోతున్నారని ఫ్రెంచి జనంలో గుర్రు. జూలై 25న పిరనీస్ కొండల్లో అస్పాన్ కనుమ మీద జనం రోడ్డు మీదకి తోసుకొచ్చారు. ఫ్రెంచి వీరుడు రోబిక్, బర్తాలి ఒకరికొకరు తగిలి పడ్డారు. బర్తాలి మీద జనం చేయి చేసుకున్నారు. ఒకడి చేతిలో కత్తి చూశానని ఆయన చెప్పాడు. అది కత్తి కాదు, పక్కన కూర్చుని రొట్టె కోసుకుంటున్నవాడి చాకు అని ఇంకొందరన్నారు. ఏదైనా, ఆయన లేచి, మళ్లీ తొక్కి, ఆ రోజు పందెం తనే గెలిచాడు. పసుపు జెర్సీ మాగ్నికి వచ్చింది.

రాత్రి హోటల్లో పంచాయితీ. పందెం నిర్వాహకులు బతిమాలారు. బిండా కూడా పరిపరివిధాల చెప్పి చూశాడు. బర్తాలి ససేమిరా అన్నాడు. ప్రాణం మీదకొచ్చాక పందెమేమిటన్నది ఆయన వాదన. పెద్దాయన లేకుండా జట్టు నిలవదు. అక్కడ ఉన్న ఇటలీ జట్లు రెండూ ఇంటిదారి పట్టాయి. ఇటలీ ఊరు సాన్‌రెమోలో ముగియాల్సిన దశని కూడా గొడవలకి జడిసి ఫ్రాన్సులోని మెంటన్‌కి మార్చేశారు. స్విట్జర్లాండ్‌వాడు కూబ్లర్ టూర్ గెలిచాడు. మాగ్ని మూడుసార్లు జిరో గెలిచాడు గానీ టూర్ మాత్రం జీవితంలో గెలవలేకపోయాడు.

మన పెళ్లిళ్లలో చూస్తుంటాం కదా. మర్యాద తక్కువైందని పెద్దాయన పందిట్లోంచి లేస్తాడు. ఆయన వెనకే ఇల్లంతా లేస్తుంది. ఆయన కోపంలో న్యాయం ఉండొచ్చు. కానీ విస్తరి ముందు అప్పుడే కూర్చున్న కుర్రాడి ఆకలి ఎవరికి కావాలి? ఆ రోజు దెబ్బలు తిన్నది బర్తాలి, అందులో అనుమానం లేదు. తనొక్కడూ వెళ్లి, మాగ్నిని ఉండి గెలిచి రమ్మని ఉంటే ఎంత బావుండేది! జనం కోపం ఇటలీవాళ్లందరి మీదా ఉందనీ, ఉంటే మాగ్నికీ ప్రమాదమేననీ ఆయన్ని సమర్థించేవాళ్లు అంటారు. అందులోనూ కొంత నిజముంది. అయినా పోగొట్టుకున్నది ఎక్కువ మాగ్నియే, తేల్చింది మాత్రం బర్తాలి. నాకు ఇది ఆయన తప్పుగానే కనిపిస్తుంది. యుద్ధంలో చేసిన మంచిపనిని తెచ్చి ఈ తప్పు మీద కప్పేయడం సరి కాదు. అలాగే ఈ తప్పు పట్టుకుని ఆ మంచిని తీసిపారేయడమూ సరి కాదు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లని కూడా ఇలాగే చూడగలిగితే సగం మనస్పర్థలు ఉండవేమో.

ఆఖరి చోటు

ఆ తర్వాత కథ కూడా వినాలి. 1951లో కొప్పి తమ్ముడు సెర్సె కూడా పందెంలో పడి పోయాడు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న బాధ ఏమిటో బర్తాలికి ఒకరు చెప్పక్కర్లేదు. 1952 టూర్‌లో కొప్పి చక్రంలో గాలి పోతే 37 ఏళ్ల బర్తాలి తన చక్రం తీసి ఇచ్చాడు. ఒకప్పుడు నీళ్లు మోసిన కుర్రాడికి నాయకుడే సేవ చేశాడన్నమాట. ఆ ఏడే కొండ మీద ఇద్దరూ నీళ్ల సీసా అందుకుంటున్న ఫొటో ఇటలీ అంతా చూసింది. ఎవరు ఎవరికిచ్చారని దశాబ్దాలు కొట్టుకున్నారు జనం. ఆ టూర్ కొప్పిదే.

1954లో బర్తాలి పందేలు ముగించాడు. ఆ రోజుల్లోనే కొప్పి భార్యని వదిలి, పెళ్లయిన జూలియా ఒక్కీనితో కాపురం పెట్టాడని దేశం అట్టుడికిపోయింది. వాళ్ల మీద కేసు పెట్టారు. జైలు మొహం చూసింది మాత్రం ఆమె! వేరే దేశమైనా ఇది మనకి కొత్త సంగతి కాదు. కొన్నేళ్లకి కొప్పికి వయసు మీదపడింది. గెలుపులు లేవు, పేరు పలచబడింది. అప్పుడు సాన్ పెల్లెగ్రీనో జట్టుకి మేనేజరుగా ఉన్న బర్తాలి, 1960 పందేలకి కొప్పిని తన జట్టులోకి తీసుకున్నాడు. ఇంత భక్తుడు, అంత రచ్చకెక్కిన మనిషికి చోటిచ్చాడు.

కొప్పి ఆ జట్టు తరఫున ఒక్క పందెమూ తొక్కలేదు. ఆఫ్రికా వెళ్లొచ్చి మలేరియా పడ్డాడు. డాక్టర్లు రోగం పోల్చుకోలేకపోయారు. 1960 జనవరి 2న 40 ఏళ్లకే కన్నుమూశాడు. బర్తాలి ఆ తర్వాత మరో 40 ఏళ్లు బతికి, 2000 మే 5న వెళ్లిపోయాడు. అన్నీ తప్పుగానే జరుగుతున్నాయి, అంతా మొదటినుంచి చేయాలి అని ఎప్పుడూ సణుగుతుండేవాడాయన. మాగ్నితో 1950 నాటి ఆ పొద్దున్న మళ్లీ మొదటినుంచి చేసే అవకాశం ఎవరికీ రాలేదు. కొప్పితో మాత్రం 1940 నాటి జట్టుని 20 ఏళ్ల తర్వాత, ఒక్క శీతకాలానికైనా, ఆయన మళ్లీ కట్టగలిగాడు.