గల్లా పెట్టెకు మోటార్ పెట్టిన ఇంజినీర్

బిల్లు ప్రింటవుతుంది, వెంటనే గల్లా సొరుగు టక్కున ముందుకొస్తుంది. సూపర్‌మార్కెట్‌లో, హోటల్ కౌంటర్‌లో రోజూ చూసేదే. ఏ షాపుకు ఏ బిల్లింగ్ మెషిన్ సరిపోతుందో చెప్పి అమ్మే ఉద్యోగాలకు, బిగించి సర్వీస్ చేసే ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నారా? అయితే ఆ సొరుగు వెనకున్న ఒక ఇంజినీర్ కథ తెలుసుకోండి. పేరు చార్లెస్ కెటరింగ్. డిగ్రీ చేతికొచ్చేసరికి ఆయనకు దాదాపు 28 ఏళ్లు.

చదువుకు బ్రేక్

1876లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, లౌడన్‌విల్ దగ్గర ఒక రైతు కుటుంబంలో పుట్టారు. కంటిచూపు ఎప్పుడూ ఇబ్బందే. కొన్నాళ్లు పల్లెబడిలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత కాలేజీలో చేరారు. కళ్లు మొరాయించడంతో చదువు మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. టెలిఫోన్ లైన్లు వేసే బృందానికి మేస్త్రీగా పనిచేశారు. మొదట్లో బాగా కుంగిపోయారు. క్లాసులో నేర్చుకున్న కరెంటు పాఠాలు ఆ పనిలో అక్కరకొస్తున్నాయని తెలిశాక హుషారు తిరిగొచ్చింది. మళ్లీ ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి వెళ్లి 1904లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పూర్తిచేశారు.

అదే ఏడాది డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. అందరూ ఎన్‌సీఆర్ అనే కంపెనీ అదే.

ఆ చిన్న మోటార్ లెక్క

క్యాష్ రిజిస్టర్ పుట్టింది డేటన్‌లోనే. తన బార్‌లో వసూలైన డబ్బు పనివాళ్ల చేతుల్లో మాయమవుతోందని జేమ్స్ రిట్టీ అనే యజమాని 1879లో దాన్ని తయారుచేశారు. 1884లో ఆ వ్యాపారం జాన్ ప్యాటర్సన్ చేతికొచ్చి ఎన్‌సీఆర్‌గా ఎదిగింది. కెటరింగ్ చేరే నాటికి పెద్ద రిజిస్టర్లను చేత్తోనే నడపాలి. మీటలు నొక్కాలి, పిడి తిప్పాలి, అప్పుడే సొరుగు తెరుచుకుంటుంది. రద్దీ షాపులో రోజంతా ఇదే పని. చేతులు పడిపోయేవి.

మోటార్ పెడదామంటే, అంత బరువు పని చేయడానికి రిజిస్టర్ అంత పెద్ద మోటార్ కావాలని లెక్కలు తేలేవి. కెటరింగ్ మాత్రం కౌంటర్ దగ్గర అసలు ఏం జరుగుతోందో చూశారు. రిజిస్టర్ పనిచేసేది ఒక్కో అమ్మకానికి క్షణంపాటే. తర్వాతి కస్టమర్ వచ్చేదాకా దానికి విశ్రాంతి. మోటార్‌ను పాడుచేసేది వేడి. క్షణం పాటు ఎక్కువ బలం వాడుకుని ఆపేస్తే వేడెక్కే వ్యవధే ఉండదు. అందుకే చిన్న మోటార్ చాలు. 1906లో ఎలక్ట్రిక్ క్యాష్ రిజిస్టర్ సిద్ధమైంది.

మరో సమస్య అరువు ఖాతాలు. పెద్ద దుకాణంలో కస్టమర్‌కు అరువివ్వాలంటే గుమస్తా క్రెడిట్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి. అందాకా కస్టమర్ నిలబడాలి. టెలిఫోన్ లైన్లలో పనిచేసిన అనుభవం ఇక్కడ కలిసొచ్చింది. ఫోన్‌లో అడిగితే, అవతలి ఆఫీసు నుంచే చీటీ మీద ఆమోదముద్ర పడే ఏర్పాటు చేశారు. ఇప్పుడు కార్డు పెడితే బ్యాంకు ఓకే చెప్పే పద్ధతికి అది తాతలాంటిది.

ఇలాంటి ఐడియాలు ల్యాబ్‌లో కూర్చుంటే రాలేదు. కెటరింగ్ కంపెనీ సేల్స్‌మెన్‌తో ఎక్కువగా తిరిగేవారు. షాపు యజమాని కష్టమేంటో వాళ్లకే బాగా తెలుసని ఆయన నమ్మకం.

కౌంటర్ నుంచి కారుకు

1909లో ఉద్యోగం వదిలేసి, ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి డెల్కో కంపెనీ పెట్టారు. అప్పట్లో కారు స్టార్ట్ చేయాలంటే ముందున్న పిడి తిప్పాలి. అది ఎదురు తన్నితే చేతులు విరిగేవి. కెటరింగ్ గల్లా పెట్టె లెక్కనే ఇక్కడా వాడారు. ఇంజిన్‌ను లేపడానికి కావాల్సింది కొన్ని క్షణాల బలం. ఆయన చేసిన సెల్ఫ్ స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్ కార్లలో వచ్చింది. 1920 నుంచి 1947 దాకా జనరల్ మోటార్స్ పరిశోధన విభాగాన్ని నడిపారు. ఆయన పేరిట 186 పేటెంట్లున్నాయి. 1958లో కన్నుమూశారు.

మచ్చ కూడా ఉంది. 1921లో ఆయన బృందంలోని థామస్ మిడ్‌గ్లీ పెట్రోల్‌లో సీసం కలిపితే ఇంజిన్‌లో కొట్టుడు తగ్గుతుందని కనిపెట్టారు. 1924లో ఆ సీసం విషం ఎక్కి కార్మికులు చనిపోయినా వ్యాపారం ఆగలేదు. సీసం పిల్లల మెదడుకు ముప్పు. మన దేశం దాన్ని వదిలించుకున్నది 2000లో. ఇంజిన్‌కు జరిగే మేలు లెక్కేసినవాళ్లు, ఆ పొగ పీల్చేవాళ్లను లెక్కలోకి తీసుకోలేదు.

మీ ఇంటర్వ్యూకి ఇది

నేటి కౌంటర్‌లోనూ కెటరింగ్ సూత్రం కనిపిస్తుంది. చాలా మెషిన్లలో గల్లా సొరుగు కేబుల్ బిల్లు ప్రింటర్‌కే తగిలిస్తారు. ప్రింటర్ నుంచి ఒక్క క్షణం కరెంటు వెళ్తుంది, సొరుగు గొళ్లెం వదులుతుంది. క్షణం పనికి క్షణం కరెంటే.

మెషిన్ ఎంపిక కూడా అంతే. ధర, స్క్రీన్ సైజు చూసేముందు పని చూడాలి. కిరాణా, సూపర్‌మార్కెట్ అయితే బార్‌కోడ్ స్కానర్, బిల్లింగ్‌తో కలిసే కాటా ముఖ్యం. హోటల్‌కు టచ్ స్క్రీన్, వంటగదిలో ఆర్డర్ చీటీలకు వేరే ప్రింటర్ కావాలి. మామూలు బిల్లు ప్రింటర్ వేడితోనే అక్షరాలు వేస్తుంది కాబట్టి, పెనం పక్కన పెడితే ఆ కాగితం నల్లబడిపోతుంది. అక్కడ రిబ్బన్‌తో కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ నయం. టీ స్టాల్‌కు 58 మిల్లీమీటర్ల చిన్న ప్రింటర్ సరిపోతుంది. వస్తువులు, పన్ను వివరాలు ఎక్కువుండే బిల్లుకు 80 మిల్లీమీటర్లది తీసుకోవాలి. కరెంటు పోయే చోట యూపీఎస్ తప్పదు.

ఈ వారం మీ ఊళ్లో రద్దీగా ఉండే ఒక టిఫిన్ సెంటర్‌కు, ఒక కిరాణా కొట్టుకు వెళ్లి, యజమాని సరేనంటే అరగంట చొప్పున గమనించండి. గంటకు ఎన్ని బిల్లులు పడుతున్నాయి? క్యూ ఎక్కడ ఆగుతోంది? మెషిన్ ఎవరి చేతిలో ఉంది? నోట్ చేసుకోండి. ఇంటర్వ్యూలో కంపెనీ కేటలాగ్ అందరూ అప్పజెబుతారు. కౌంటర్ చూసి వచ్చినవాళ్ల దగ్గర చెప్పడానికి సొంత మాట ఉంటుంది.